సింహాయం వచ్చిన వంకర తుపాకీ

మా మణికొండ ఫ్లాటులో వంటింటి డ్రాయరు బాగుచేయడానికి వచ్చిన మనిషి నాకు తుపాకీ చేసిపెట్టాడు. ఈ వాక్యం మా ఆయనకి నచ్చదు. ఆయన ప్రభుత్వోద్యోగి. "తుపాకీ అనకు, గాలి తుపాకీ అను. అందులోనూ చెక్క భాగం మాత్రమే అని చెప్పు" అంటారు. సరే, గాలి తుపాకీకి చెక్క భాగం చేసిపెట్టాడు. పదిహేనేళ్ళుగా ఆదివారాలు నేను పది మీటర్ల దూరం నుంచి కాగితం మీద నల్లచుక్కని కొడుతుంటాను. కొండాపూర్‌లో ఒక షాపింగ్ కాంప్లెక్సు మూడో అంతస్తులో మా రేంజి. కింద బిర్యానీ, మధ్యలో పళ్ళ డాక్టరు, పైన మేము. దీనికి లైసెన్సు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

నా ఉద్యోగం కూడా దాదాపు ఇదే. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. రెండు తెరలు పక్కపక్కన పెట్టుకుని తేడాలు పట్టుకోవడం నా పని. ఒక బటను వెంట్రుకవాసి పక్కకి జరిగినా నాకు తెలిసిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలకి నన్ను చూపించి "మేడంది డేగ కన్ను" అని చెబుతారు. రెండేళ్ళ కిందట వర్షాకాలంలో ఆ డేగకి కుడి కన్ను పోయింది.

పూర్తిగా పోలేదు. చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా మధ్యలో మాత్రం ఎవరో బొటనవేలితో అలికినట్టు బూడిద రంగు మరక. మనిషి వైపు చూస్తే చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. కళ్ళ డాక్టరు పరీక్షలన్నీ చేసి, "మధ్యలోది రాదు, చుట్టూది పోదు" అన్నాడు. ఇంత క్లుప్తంగా, ఇంత స్పష్టంగా మా ఆఫీసులో ఎవరూ రిపోర్టు రాయలేరు.

నాకు చాలా భయం వేసింది. ఆ మాట ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను కానీ అప్పట్లో మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా కంపెనీలో ఏటా కొంతమందిని మర్యాదగా గదిలోకి పిలుస్తారు, వాళ్ళు బయటికి వచ్చేసరికి లాప్‌టాప్ ఉండదు. కళ్ళే పెట్టుబడిగా బతికే మనిషికి ఒక కన్ను లేదని తెలిస్తే ఎవరుంచుకుంటారు? అందుకని దాచాను. ఎడమ కన్నుతో చూడాలంటే కుడి కంట్లో మరక అడ్డొస్తుంది, కాబట్టి మీటింగుల్లో నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నట్టు పెట్టుకుని కుడి కన్ను కప్పేసేదాన్ని. అందరూ నేను ఆలోచిస్తున్నాననుకున్నారు. ఆ ఏడాది అప్రైజల్లో మా మేనేజరు "ప్రతి విషయాన్నీ లోతుగా ఆలోచిస్తారు" అని రాశాడు. మా ఆయన అది చదివి, "ఎన్నాళ్ళిలా? చెప్పేయరాదూ" అన్నారు. చెప్తాను, చెప్తాను అంటూ నెలలు గడిపాను.

రేంజిలో మాత్రం దాచడం కుదరలేదు. కాగితం అబద్ధమాడదు. కుడి భుజానికి తుపాకీ ఆనించి కుడి కన్నుతో చూస్తే నల్లచుక్క ఉండాల్సిన చోట బూడిద మరక. ఎడమ భుజానికి మార్చుకుందామంటే, ఏడేళ్ళ కిందట స్కూటీ మీంచి పడితే ఆ భుజంలో ప్లేటూ ఆరు స్క్రూలూ వేశారు, చెయ్యి సగం పైకే లేస్తుంది. రేంజి నడిపే రిటైర్డు హవల్దారు అంతా విని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "కుడి కన్ను చూడదు, ఎడమ భుజం లేవదు. మేడం, మీరు క్యారమ్స్ ఆడండి" అన్నాడు.

ఇంటికొచ్చి ఇంటర్నెట్లో వెతికాను. కుడి భుజం దగ్గర మొదలై, ముఖం ముందునుంచి వంపు తిరిగి, ఎడమ కంటి ముందుకొచ్చే చెక్కలున్నాయి. కానీ అవి ఏ కొట్లోనూ దొరకవు, ఎవరి కొలతకి వాళ్ళు చేయించుకోవాలి. అలా వెతుకుతుంటేనే విదేశాల్లో ఇంకా ముదిరినవాళ్ళు కనిపించారు. ఏ ఫ్యాక్టరీ చేయని తూటాని సొంతంగా కనిపెట్టుకుంటారు, దాన్ని వైల్డ్‌క్యాట్ అంటారట. ఆ తూటా పట్టే తుపాకీ లోకంలో ఉండదు కాబట్టి మళ్ళీ అదొకటి చేయించుకుంటారు. మన దగ్గర అలాంటి పని తలపెడితే ముందు మా ఆయన ఉద్యోగం పోతుంది, తర్వాత మేమిద్దరం పోతాం. నా సంగతి వేరు. నా గుండ్లు మామూలువే, తుపాకీ మామూలుదే. ఏ ఫ్యాక్టరీ కొలతకీ రానిది నా ముఖం.

అది ఆటే కదా, మానేస్తే పోలా అనొచ్చు. అన్నారు కూడా. కానీ నాకొక తిక్క లెక్క పడింది. ఉన్న ఒక్క కన్నుతో పది మీటర్ల దూరంలోని చుక్కని కొట్టగలిగితే, ఆఫీసులో నిజం చెప్పి, చెప్పాక కూడా తెర ముందు కూర్చోగలను. కొట్టలేకపోతే వాళ్ళు పంపేదాకా ఆగకుండా నేనే మానేస్తాను. రెండింట్లో ఏదో ఒకటి తేలాలి. తేలడానికి వంకర చెక్క ఒకటి కావాలి.

ఆ వారమే వంటింటి డ్రాయరు చెడింది. అపార్టుమెంట్లలో కప్‌బోర్డులు చేయించే కాంట్రాక్టరు ఒక వడ్రంగిని పంపాడు. యాభై దాటిన మనిషి, మెదక్ జిల్లా వైపు వాడు, చెవి మీద పెన్సిలు. డ్రాయరు బయటికి లాగి, కుడి కన్ను మూసి, ఎడమ కన్నుతో దాని అంచు పొడుగునా చూశాడు. "జర్రంత గుంజింది" అన్నాడు. విప్పిన స్క్రూ ఒకటి నా వైపు చాపాడు. నేను అందుకోబోయి పక్కనున్న గాలిని పట్టుకున్నాను. ఒక కన్నుతో దూరం సరిగ్గా తెలియదు, అలవాటు కావాలి. అతను ఈసారి స్క్రూని నా అరచేతిలో పెట్టాడు.

"ఎలుతురు సరిగ లేదమ్మా" అన్నాడు. నెత్తి మీద ట్యూబులైటు వెలుగుతోంది.

ఆ మనిషి చెక్క అంచుని చూసిన తీరు నాకు నచ్చింది. డ్రాయరు బిగించాక అడిగాను. "మేస్త్రి గారూ, వంకర చెక్క చేయగలరా అండీ?"

"అందరు సీదా జేయమంటరు. మీరేందమ్మా, వంకర అంటరు?"

లోపలికెళ్ళి తుపాకీ తెచ్చాను. అతను రెండడుగులు వెనక్కి వేసి చేతులు వీపు వెనక పెట్టుకున్నాడు. "గిది పోలీసోళ్ళ లొల్లి గాదా?"

బిల్లు చూపించాను. రేంజి కార్డు చూపించాను. గుండ్ల డబ్బా విప్పి చూపిస్తే అందులోంచి ఒకటి తీసి, "గింతేనా? శనగ్గింజంత లేదు" అని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత తుపాకీ పట్టుకుని చెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కుడి భుజానికి ఆనించి, ఎడమ కన్నుతో చూసేలా కావాలండీ" అన్నాను.

"ఎందుకమ్మా గట్ల?"

"నాకు అలవాటు."

మేస్త్రి నా వంక చూశాడు. "అలవాటైతే మంచిదే" అన్నాడు.

అతని కొట్టు మూసాపేటలో, మెట్రో స్తంభాల పక్క సందులో ఉంది. ఒకవైపు టైర్ల కొట్టు, ఇంకోవైపు అద్దాలు కోసేవాడు. నేను శనివారం పొద్దున పదకొండు పేజీల డాక్యుమెంటు తీసుకుని వెళ్ళాను. కొలతలన్నీ మిల్లీమీటర్లలో, మూడు వైపుల నుంచి బొమ్మలు, చివర్న ఏది ఎలా పరీక్షించాలో పట్టిక. మేస్త్రి ఒక్కో పేజీ మర్యాదగా తిరగేశాడు. "మంచిగ రాసిన్రు" అని మొత్తం కట్టని బోర్లించి, ఖాళీగా ఉన్న వెనక పేజీ మీద పెన్సిలుతో మూడు అంకెలు వేసుకున్నాడు. మిగతా పది పేజీలూ ఆ తర్వాత నాకు కనిపించలేదు. ఒకసారి జిగురు డబ్బా కింద చూసినట్టు గుర్తు.

వంపు అరవై రెండు మిల్లీమీటర్లు రావాలి. అది నా రెండు కళ్ళ మధ్య దూరం, కళ్ళజోళ్ళ కొట్టువాడు రాసిచ్చాడు. మేస్త్రి దాన్ని "రెండున్నర ఇంచులకు సన్నం తక్కువ" అన్నాడు. మొత్తం చెక్క పొడవు ఏడొందల పదకొండు మిల్లీమీటర్లు. "ఇరవై ఎన్మిది ఇంచులు" అన్నాడు, అని కొంచెం ఆగాడు. ఆ ఆగడం ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

"నా ముఖం దగ్గర కొలతలు తీసుకోరా అండీ?"

"మీ మొకం నేనెట్ల కొలుస్తనమ్మా?" అని సిగ్గుపడ్డాడు. "ఇడ్వండ్రి. మీ ఎత్తే గద నాది. నేనే ఎత్తి జూసుకుంట."

నాకు కావలసింది వంకర చెక్క కదా, చెక్కలు అతికించి వంపు తెస్తాడనుకున్నాను. అతికిస్తే అక్కడే విరుగుతుందన్నాడు. కొట్టు వెనక్కి వెళ్ళి, ప్లైవుడ్ షీట్ల వెనక నుంచి ఒక మొద్దు లాక్కొచ్చాడు. తుమ్మ మొద్దు, చెట్టు మీదే వంగి పెరిగింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి అతను నాగళ్ళు చేసేవాడట. నాగలికి వంకర కర్రే కావాలి, కోసి వంచితే పనికిరాదు, వంగిందాన్ని వెతికి తెచ్చుకోవాలి. ఊరు వదిలి వచ్చేటప్పుడు ఈ మొద్దు వెంట తెచ్చుకున్నాడు. ఎవరో ఒకరు నాగలి చేయమంటారని.

"ముప్పయేండ్ల సంది ఎండుతున్నది. ఈ మూసాపేటల నాగలెవడు అడుగుతడమ్మా?" అన్నాడు. "బాడిశె ముట్టక ఎన్నేండ్లాయెనో. ఇప్పుడంత మిషను కోసుడు, మేము అతికిచ్చుడు."

ఆ తర్వాత నాలుగు శనివారాలు వెళ్ళాను. ఎప్పుడు వెళ్ళినా మేస్త్రి నన్ను తన ఎడమ పక్కకి రమ్మనేవాడు. "జర ఇటు రాండ్రమ్మా, ఎలుతురు" అనేవాడు. వెలుతురు నిజానికి అటునుంచే వచ్చేది, నేను వెళ్ళి నిలబడి దానికి అడ్డమయ్యేదాన్ని. ఫ్లాస్కులోంచి టీ పోసేటప్పుడు దాని మూతిని గ్లాసు అంచుకి ఆనించి, చుక్క కింద పడకుండా పోసేవాడు. ఈ మధ్య నేనూ అలాగే పోస్తున్నాను, లేకపోతే సగం టీ టేబులు తాగుతోంది. ఎంత శుభ్రమైన మనిషి అనుకున్నాను. తేడాలు పట్టుకోవడం నా వృత్తి అని పైన రాశాను, గమనించండి.

తుమ్మ చెక్క గట్టిది. బాడిశె దెబ్బ పడితే చిన్న చిన్న పెచ్చులు లేస్తాయి. మేస్త్రి చెక్కుతూ మధ్యమధ్య దాన్ని భుజానికెత్తుకుని, మెట్రో స్తంభం మీది అంకెని చూసి, దించి, ఇంకొంచెం చెక్కి, మళ్ళీ ఎత్తేవాడు. పక్కకొట్టు అద్దాలాయన మొదటి వారం తన సరుకు లోపలికి జరుపుకున్నాడు. రెండో వారానికి అలవాటు పడ్డాడు.

ఐదో శనివారం చెక్క తయారైంది. ఎర్రటి గోధుమ రంగు, చిత్రిక పట్టి నూనె రాసి నున్నగా చేశాడు. వంపు ఎక్కడా కోసినట్టు లేదు. తుపాకీ లోహపు భాగాన్ని రెండు బోల్టులతో అందులో బిగించి భుజానికెత్తుకున్నాను. నా ఎడమ కన్ను సరిగ్గా గురిచూసే రంధ్రం ముందుకొచ్చింది. వేలు మాత్రం ట్రిగ్గరు దాకా రాలేదు.

టేపు పెట్టి కొలిచాను. ఇరవై తొమ్మిది అంగుళాలు.

"మేస్త్రి గారూ, ఇరవై ఎనిమిది కదండీ నేను రాసింది?"

"రాసిన్రు. ఇరవై ఎన్మిదికి కుక్క వస్తదమ్మా."

నేను కుక్క కోసం అటూ ఇటూ చూశాను. అతను ఓపిగ్గా వివరించాడు. చెక్కతో చేసి ఇంట్లో పెట్టే ఏ వస్తువుకైనా ఆయం చూడాలి. పొడవుని ఎనిమిదితో భాగిస్తే ఒకటి మిగిలితే ధ్వజాయం, మూడు మిగిలితే సింహాయం, ఐదుకి వృషభం, ఏడుకి ఏనుగు. ఇవి మంచివి. సరిసంఖ్యలు మిగిలితే పొగ, కుక్క, గాడిద, కాకి. ఇరవై ఎనిమిదిని ఎనిమిదితో భాగిస్తే మిగిలేది నాలుగు, శ్వానాయం, అంటే కుక్క. అందుకని ఒక అంగుళం పెంచి ఎద్దుని చేశాడు.

"ఇది ఇల్లు కాదు కదండీ."

"ఇంట్లకొచ్చేది గద. తలుపుకు జూస్తం, మంచానికి జూస్తం, పోరగాని తొట్టెలకు జూస్తం. దీనికి జూడక రేపు మీకేమన్న అయితే?"

అయ్యేదేదో అయిపోయిందని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అతను నా మంచి కోరి అంగుళం పెంచాడు. ఆ అంగుళం వల్లే నేను ట్రిగ్గరు నొక్కలేను. మా ఆఫీసులో కూడా కస్టమరు అడిగినదానికంటే మంచిది చేసిచ్చి చెడగొట్టేవాళ్ళు ఉన్నారు కానీ, వాళ్ళెవరూ దానికి ఎద్దుని సాక్ష్యం తేరు.

ఒక అంగుళం కోసేయమంటే మేస్త్రి రంపం ఎత్తలేదు. నేను బతిమాలాను. కోపగించాను. డాక్యుమెంటు ఆరో పేజీ అన్నాను, అది జిగురు డబ్బా కింద ఉంది. "వేరేటోళ్ళతోని కోయించుకోండ్రి. నా చెయ్యితోని కుక్కను జేయ" అన్నాడు. వేరేవాళ్ళ చేతికి ఆ చెక్కని ఇవ్వడం నాకూ ఇష్టం లేదు. అలా ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం.

అప్పుడు నాలోని టెస్టింగ్ లీడ్ నిద్రలేచింది. "రెండు అంగుళాలు కోస్తే అండీ?"

"ఇరవై ఏడు." పెన్సిలు తీయకుండానే లెక్క చెప్పాడు. "మూడు మిగుల్తది. సింహం. మస్తుంటది. గని మీకు పొట్టిగైతది గద."

"వెనకవైపు భుజానికి ఆనేచోట ఒక అంగుళం మందం రబ్బరు అంటిస్తే? రబ్బరుకి ఆయం ఉంటుందా అండీ?"

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళ పనిలో ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. "ఊర్ల మా పెదనాయిన ఉన్నడు, అడగాలె" అన్నాడు.

పెదనాన్నకి చెవుడట, రెండు రోజులు పట్టింది. మంగళవారం నేను మీటింగులో నుదుటి మీద చెయ్యి పెట్టుకుని లోతుగా ఆలోచిస్తుండగా ఫోను వచ్చింది. "అమ్మా, రబ్బరుకు లేదు. చెక్కకే" అన్నాడు. "సరేనండీ, కోసేయండి" అన్నాను. మీటింగులో అందరూ నా వైపు చూశారు. ఆరోగ్య వారోత్సవంలో కంపెనీ పంచిపెట్టిన యోగా చాప ఒకటి ఇంట్లో విప్పకుండా పడి ఉంది. దాన్ని ముక్కలు కోసి నాలుగు పొరలు అతికిస్తే అంగుళం వచ్చింది. ఆ చాప అంతకంటే ఆరోగ్యానికి పనికొచ్చింది లేదు.

ఆదివారం రేంజికి మేస్త్రిని కూడా రమ్మన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. హవల్దారు తుపాకీని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది లారీ కింద పడిందా?" అని అడిగాడు. మేస్త్రికి కోపం వచ్చింది కానీ కొత్త చోటని ఊరుకున్నాడు. నేను రేంజి గీత దగ్గర నిలబడ్డాను. పదిహేనేళ్ళలో ఏ పోటీలోనూ అంత భయపడలేదు. ఈ పది గుండ్లూ అయ్యేసరికి నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది, తేల్చేది మళ్ళీ నేనే.

కుడి భుజానికి యోగా చాప ఆనింది. తుమ్మ చెక్క ముఖం ముందునుంచి తిరిగి వెళ్ళింది. ఎడమ కన్నుతో రంధ్రంలోంచి చూశాను. రెండేళ్ళ తర్వాత నల్లచుక్క ఉండాల్సిన చోట ఉంది. గుండ్రంగా, నల్లగా, అంచులు చెదరకుండా ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఉన్న కన్ను కూడా మసకబారుతుందని తుపాకీ దించి, ముక్కు చీది, మళ్ళీ ఎత్తాను.

పది గుండ్లు. కాగితం దగ్గరికొచ్చింది. పదీ నల్లటి భాగంలోనే ఉన్నాయి. వందకి ఎనభై ఒకటి. ఒకప్పుడు తొంభై నాలుగు కొట్టి కూడా ముఖం మాడ్చుకుని ఇంటికెళ్ళేదాన్ని. హవల్దారు కాగితాన్ని లైటు కింద పెట్టి రెండుసార్లు లెక్కపెట్టి, "క్యారమ్స్ క్యాన్సిల్" అన్నాడు.

"మీరూ ఒకసారి చూడండి మేస్త్రి గారూ" అని తుపాకీ ఇచ్చాను, గుండు లేకుండా. అతను కుడి భుజానికెత్తుకున్నాడు. వంపు అతని ముఖానికి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. అలా కూర్చోవడం చూసి నేను ఆశ్చర్యపోయాను. మామూలు మనుషులకైతే తెరిచి ఉన్న కుడి కంటికి ఆ చెక్క అడ్డొచ్చి తల పక్కకి తిప్పుకోవాలి.

"కుడి కన్ను మూసుకోండి, లేకపోతే రెండు రెండుగా కనిపిస్తుంది."

"మూసే పని లేదమ్మా" అన్నాడు, తుపాకీ దించకుండా. "పన్నెండేండ్లప్పుడే పోయింది. మా నాయిన బాడిశె కొడ్తుంటె పెచ్చు ఎగిరి తగిలింది. పైకి మంచిగనే కనవడ్తది, లోపట దీపం లేదు."

డ్రాయరు అంచు, మెట్రో స్తంభం మీది అంకె, ఎడమ పక్కకి రమ్మనడం, ఫ్లాస్కు మూతి అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నా ముఖాన్ని కొలవకుండా వంపు ఎలా కుదిరిందో అప్పుడు తెలిసింది. అతను తనకి సరిపోయేదాకా చెక్కుకున్నాడు.

"మరి చెక్క చూసేటప్పుడు మూస్తారు కదండీ?"

"మూస్తె పని జేస్తున్నట్టు ఉంటది. ఒంటికన్నోడని తెలిస్తే కాంట్రాక్టరు మిషను మీద చెయ్యి పెట్టనిస్తడా? ముప్పయేండ్ల సంది ఈ పట్నంల మా ఆమెకు తప్ప ఎవ్వలికి తెల్వదు. మీరు గుడ చెప్పకుండ్రి."

"చెప్పను" అన్నాను. ఒట్టు పెట్టాను కూడా, అతనే రాయమన్నదాకా ఎక్కడా రాయలేదు. తర్వాత, "నాకు అలవాటని మీకు అబద్ధం చెప్పానండీ. నాకూ కుడి కన్ను..." అన్నాను.

"ఎరుకే అమ్మా" అన్నాడు. "మొదటి దినమే తెల్సు. స్క్రూ ఇస్తే గాలిని పట్టుకున్నరు."

సోమవారం పొద్దున మీటింగులో రెండు చేతులూ టేబులు మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది మందిమి ఉన్నాం. మేనేజరు నాకంటే పదేళ్ళు చిన్నవాడు, కృష్ణా జిల్లా అబ్బాయి. సగం మీటింగు అయ్యాక నా వైపు చూసి, "ఏంటండీ మేడం, ఇవాళ మీరేమీ ఆలోచించట్లేదు?" అన్నాడు.

"అది ఆలోచన కాదండీ. నాకు కుడి కన్ను కనిపించదు. అడ్డొస్తుందని చేత్తో మూసుకునేదాన్ని. రెండేళ్ళయింది" అన్నాను.

నా కుడి పక్కన కూర్చున్న అమ్మాయి, నా కాఫీ కప్పుని మెల్లగా ఎత్తి నా ఎడమ పక్కకి మార్చింది. మేనేజరు పెన్ను కింద పెట్టి అడిగాడు.

"అంటే ఈ రెండేళ్ళలో మీరు పట్టుకున్న తప్పులన్నీ ఒక్క కన్నుతో పట్టుకున్నవేనా?"

"అవునండీ."

"మరి వీళ్ళంతా రెండేసి కళ్ళతో ఏం చేస్తున్నారు?" అని మిగతా వాళ్ళ వైపు తిరిగాడు. ఆ పూట నాకు జట్టులో ఉన్న మంచిపేరంతా పోయింది. ఉద్యోగం మాత్రం పోలేదు. నెల తిరక్కుండా పెద్ద తెర ఒకటి ఇచ్చారు.

సాయంత్రం మేస్త్రికి ఫోను చేశాను. అవతల చిత్రిక పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మేస్త్రి గారూ, ఆఫీసులో చెప్పేశానండీ."

చిత్రిక ఆగింది. "చెప్పిన్రా? ఏమన్నరు?"

"కాఫీ కప్పు ఎడమ పక్కకి జరిపారు."

"పని ఉంచిన్రా?"

"ఉంచారండీ."

అవతల మెట్రో రైలు వెళ్ళింది.

"గంతేనా?" అన్నాడు. నేను అవునన్నాను. చిత్రిక బల్ల మీద పెట్టిన చప్పుడైంది, మళ్ళీ అడిగాడు. "గంతేనా అమ్మా?"